తమ్ముణ్ని కొట్టారు, వాడి స్నేహితులు బదులు తీర్చుకుంటామంటున్నారు: ఎలా ఆపాలి?

మెట్లవీధి అక్క
ఆదివారం, రాత్రి 11:20

మాది విశాఖలో కొండవాలున ఉన్న ఒక పేట. పేరు చెప్పడం లేదు, మన్నించండి. నాన్న లేరు. అమ్మ, నేను, తమ్ముడు. వాడికి పంతొమ్మిదేళ్లు, ఐటీఐలో ఫిట్టర్ చదువుతున్నాడు. గురువారం సాయంత్రం క్రికెట్ ఆడుతుండగా ఒక రనౌట్ దగ్గర మాటా మాటా పెరిగింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం. రాత్రికి ఎవరో ఆ గొడవ వీడియోకు వెకిలి నవ్వులు జోడించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. మర్నాడు పొద్దున ఇడ్లీ పొట్లం కట్టించుకుని వస్తున్న తమ్ముణ్ని ముగ్గురు ఆపి కొట్టారు. ఇద్దరు వాడి ఈడువాళ్లే, మూడోవాడు ఇంకా ఇంటర్ చదువుతున్నాడు. కనుబొమ్మ మీద ఆరు కుట్లు పడ్డాయి. ముందు పన్ను సగానికి విరిగింది.

పోలీసు స్టేషన్‌లో కాగితం తీసుకున్నారు. "కుర్రాళ్ల గొడవ. కేసయితే అందరి భవిష్యత్తూ పాడవుతుంది, రాజీ చేసుకోండి" అన్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఇవ్వలేదు.

నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. రోజూ రాత్రి తొమ్మిది దాటాక తమ్ముడి స్నేహితులు ఐదారుగురు మా మెట్ల మీద చేరుతున్నారు. నేను బయటికి వస్తే మాట ఆపేస్తారు. వాడు గదిలో గోడకు ఆనుకుని, విరిగిన పన్ను అంచును నాలుకతో తడుముకుంటూ ఫోను చూస్తుంటాడు. నేను వెళ్తే ఫోను బోర్లా పెడతాడు. నిన్న వాడి సంచిలో ఇనుమును అరగదీసే పెద్ద ఆకురాయి కనిపించింది, పిడి తీసేసి ఉంది. వర్క్‌షాపు లేని రోజు అది ఇంటికెందుకు వచ్చింది? అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రి డ్యూటీ సిస్టర్
సోమవారం, ఉదయం 6:05

అమ్మా, డ్యూటీ దిగి బస్సులో కూర్చుని రాస్తున్నాను. ముందు వైద్యం సంగతి. కనుబొమ్మ పగిలేంత దెబ్బ తగిలిందంటే తలకూ అదురు తగిలి ఉండవచ్చు. వాంతులు, తగ్గని తలనొప్పి, లేపినా లేవనంత మత్తు, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి. ఇక పన్ను. కుట్లు వేసేటప్పుడు కనుబొమ్మ గాయం తప్పక రాస్తారు, కానీ పెదవి వాచి ఉంటే పన్ను సంగతి కాగితం మీదికి ఎక్కకుండా పోతుంది. ఈ రోజే దంత వైద్యుడికి చూపించి రాయించండి. మొదటి రోజు ఆసుపత్రిలో ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకు సంబంధించిన గాయమని, నమోదు చేశారో లేదో కూడా కనుక్కోండి.

మీరు రాసింది చదువుతుంటే పోయిన వేసవిలో వచ్చిన ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. నుదుటి మీద గాయం. డాక్టరుగారు కుట్లు వేస్తుంటే నేను దారం కత్తిరిస్తున్నాను. వాడు ఫోను స్టీలు ట్రే పక్కన పెట్టాడు. అది అదిరినప్పుడల్లా ట్రేకు కొట్టుకుని గణగణమంటోంది. రెండో కుట్టుకూ మూడో కుట్టుకూ మధ్య వాడే వేలితో నొక్కాడు. "ఎవడో పేరు చెప్పరా, చాలు" అని ఒక గొంతు. దాని వెనక ఇంకొకటి. అప్పటిదాకా నొప్పికి కళ్లు మూసుకున్నవాడు కళ్లు తెరిచాడు. బయట నలుగురు బళ్ల మీద ఎదురుచూస్తున్నారు. ఆ గంటలో వాడి పక్కన కూర్చుని "ఇంటికి ఎలా వెళ్తావు, ఇంట్లో ఎవరున్నారు, భయంగా ఉందా" అని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు. ఇంకా ఏడు మంచాలు నా కోసం చూస్తున్నాయి. నాలుగో రోజుకు అదే గొడవలో ఇంకో కుర్రాడు వచ్చాడు. అతడి గాయం కడుపులో.

ఆకురాయి గురించి అడగండి. తిట్టి కాదు, "నీకు భయంగా ఉందా నాన్నా" అని అడగండి. చాలామంది కుర్రాళ్లు మళ్లీ ఎవరైనా మీద పడతారన్న భయంతోనే ఏదో ఒకటి దగ్గర పెట్టుకుంటారు. దగ్గరున్నది చేతిలోకి రావడానికి ఎంతో సేపు పట్టదు.

నల్లకోటు
సోమవారం, ఉదయం 9:40

పన్ను విరిగిందన్న ఒక్క మాట మీ కేసు రూపాన్నే మార్చేస్తుంది. భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షన్ కింద మామూలు గాయమైతే అది నాన్‌కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. చిన్న గొడవ అంటూ తిప్పి పంపడానికి వాళ్లకు దొరికే కారణం అదే. కానీ 116వ సెక్షన్ చూడండి. ఎముక గానీ పన్ను గానీ విరిగితే తీవ్ర గాయం కిందికి వస్తుంది. 117(2) ప్రకారం దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, అది కాగ్నిజబుల్ నేరం. అలాంటి నేరం జరిగినట్లు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందుకే సిస్టర్‌గారు చెప్పిన దంత వైద్యుడి కాగితం అంత ముఖ్యం. గాయాల గురించి ఆసుపత్రి ఇచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో ఆ మాట ఉండాలి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితుడికి ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపండి. మన దగ్గర కమిషనరేట్ ఉంది కాబట్టి డీసీపీకి పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితుడికి తెలియజేయాల్సిన బాధ్యత పోలీసులదే. మీరు వెళ్లి బతిమాలి అడిగితే చెప్పే విషయం కాదు అది.

డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోను చేయండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, ఇంకా కొన్ని వర్గాలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. నష్టపరిహారానికి దరఖాస్తు కూడా అక్కడే, అదే నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద. కొట్టినవాడు దొరక్కపోయినా, కేసు విచారణకు రాకపోయినా అడగవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టంలోనే ఉంది.

రాజీ గురించి ఒక్క మాట. తీవ్ర గాయం కేసులో కోర్టు అనుమతితో రాజీ కుదుర్చుకోవచ్చు. కాబట్టి మీరు ఎప్పుడైనా రాజీకి ఒప్పుకోవచ్చు, కానీ అది మీ చేతిలో ఉండాలి. ఎఫ్‌ఐఆర్ కూడా లేని రాజీలో మీ చేతిలో ఏమీ ఉండదు.

పందొమ్మిదో వార్డు
సోమవారం, మధ్యాహ్నం 1:15

ఇదంతా చదివితే బాధగా ఉంది, కోపంగానూ ఉంది. నాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. రాత్రి షట్టరు దించే వేళకు ఎదురుగా జరిగేవి కళ్లారా చూస్తున్నాను. బండి మీద ముగ్గురేసి వస్తారు, గంజాయికి కళ్లు ఎర్రగా ఉంటాయి, ఎవరైనా తలెత్తి చూస్తే చాలు గొడవ. కౌన్సెలింగ్ అంటారు, ప్రేమగా మాట్లాడండి అంటారు. ఆ ముగ్గురి మీదా రౌడీషీటు తెరిచి, స్టేషన్‌లో నాలుగు తగిలిస్తే మిగతావాళ్లకు బుద్ధి వస్తుంది. ఇంటర్ చదువుతున్నవాడైతే మాత్రం కొట్టడం చేతకాలేదా? చదువుకునే పిల్లాడి పన్ను విరగ్గొట్టినవాడికి మనం దారి చూపించాలా?

విశ్రాంత హెడ్డు
సోమవారం, సాయంత్రం 5:50

ముప్ఫై రెండేళ్లు ఖాకీ వేసుకున్నాను. ముందు మెట్లవీధి అమ్మాయికి నా తరఫున క్షమాపణ. "రాజీ చేసుకోండి" అన్న మాట నేనూ చాలామందికి చెప్పాను. నిజంగానే మేలు చేస్తున్నాననుకునేవాణ్ని. కేసు కడితే పిల్లాడికి ఉద్యోగం దగ్గర వెరిఫికేషన్‌లో అడ్డు వస్తుందని, పాస్‌పోర్టు రాదని. కానీ నేను రాజీ చేసి పంపిన కొన్ని గొడవలు ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ నా ముందుకే వచ్చాయి, ఈసారి అంబులెన్సులో. దెబ్బ తిన్నవాడికి స్టేషన్ మెట్ల మీద న్యాయం దొరకలేదనిపిస్తే దాన్ని వేరేచోట వెతుక్కుంటాడు. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

దుకాణం బాబుగారూ, మీ కోపం అర్థమైంది. కానీ నాలుగు తగిలించినందుకు మారినవాణ్ని నేను చూడలేదు. బయటికి వచ్చి "నాకు స్టేషన్ కూడా లెక్క లేదు" అని చెప్పుకుని పెద్దవాడైపోయినవాళ్లను చూశాను. రౌడీషీటు ఒకసారి తెరిస్తే మూయించుకోవడం కష్టం. పందొమ్మిదేళ్లకే షీటు పడినవాడికి పని ఎవరిస్తారు? అతణ్ని చేరదీసేది ఎవరో మీకు తెలుసు. గంజాయి మీద మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఎక్కడ అమ్ముతున్నారో తెలిస్తే మత్తుపదార్థాలను అరికట్టే ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972కి చెప్పండి.

ఇంటర్ పిల్లాడికి పద్దెనిమిది నిండకపోతే అతడి దారి వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్లు వేయకూడదు, ఇరవైనాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరు పరచాలి. పెద్దవాళ్లతో కలిసి చేశాడు కాబట్టి ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. తమ్ముడి స్నేహితులకు ఒకటి గట్టిగా చెప్పండి. ఆ పిల్లాడి ఫొటో, పేరు ఎక్కడా పెట్టకూడదు. 74వ సెక్షన్ కింద అదే నేరం, ఆరు నెలల జైలు దాకా ఉంది. న్యాయం మీ వైపున్నప్పుడు మీరే ముద్దాయిలు కావద్దు.

ఇంకొక దారి ఉంది. గొడవ ముదురుతుందని భయం ఉంటే రెండు పక్షాలనూ బైండోవర్ చేయమని అడగవచ్చు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు ఏడాది వరకు గొడవలకు దిగమని పూచీ రాయిస్తారు. రాత్రి ఎవరైనా ఇంటి మీదికి వస్తే ఆలోచించకుండా 112.

చిన్నోడి అమ్మ
సోమవారం, రాత్రి 9:30

నా చిన్నోడు పోయి ఆరేళ్లు. వాడిదీ ఇలాగే, ఒక మాట దగ్గర మొదలైంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నది రాయను. ఆ తర్వాత మాకు ఏమైందో రాస్తాను, ఎందుకంటే దాన్ని ఎవరూ అడగరు.

పంచనామా రోజు వాడి చొక్కా కాగితం సంచిలో పెట్టి లక్కతో సీలు వేశారు. ఇక అది కేసు ఆస్తి, ఇవ్వం అన్నారు. నాలుగేళ్ల తర్వాత నన్ను సాక్షిగా పిలిచారు. బోనులో నిలబడ్డాక ఆ సంచి విప్పి చొక్కా ఎత్తి చూపించి "ఇది మీ అబ్బాయిదేనా" అని అడిగారు. రెండో గుండీ ఊడిపోతే తెల్లదారం అయిపోయి నీలిదారంతో కుట్టాను. ఆ నీలిదారం చూశాను. నాకు మాట రాలేదు. కోర్టువారు మంచినీళ్లు ఇప్పించారు. రేపు చొక్కా చూపిస్తారమ్మా అని ముందురోజు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఇంటి దగ్గరే ఏడ్చి వచ్చేదాన్ని.

బయట కూర్చోవడానికి ఒకటే బల్ల. ఆ చివర ముద్దాయి తల్లి. వాయిదా పడిందని మా ఇద్దరికీ ఒకేసారి చెప్పేవారు. ఎందుకు పడిందో నాకు చెప్పేవారు లేరు. బెయిలు వచ్చిన సంగతి కూరగాయల బండి దగ్గర తెలిసింది.

అమ్మాయీ, నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న. మా పెద్దోడు కూడా ఆ రోజుల్లో మెట్ల మీద కూర్చున్నవాళ్ల మధ్య ఉండేవాడు. నేను వాడి ముందు చెయ్యి చాచి "ఒకణ్ని ఇచ్చేశాను, నిన్ను ఇవ్వను" అన్నాను. వాడు ఆగాడు. కానీ ఆగడానికి వాడు ఏమి అనుభవించాడో నేను ఆ తర్వాత రెండేళ్లకు గానీ తెలుసుకోలేదు. తమ్ముణ్ని ఆపుతావు సరే, ఆపాక వాడి కోపాన్ని ఎవరు వింటారో కూడా చూసుకో.

ఒకప్పుడు
మంగళవారం, తెల్లవారుజామున 2:10

ఈ చర్చలో మాట్లాడే హక్కు నాకుందో లేదో తెలియదు. నేను కొట్టినవాణ్ని. ఇరవై ఏళ్లప్పుడు, సీసాతో. అవతలి మనిషికి ఒక కంటి చూపు సగం పోయింది. అడవివరం సెంట్రల్ జైల్లో రిమాండులో ఉన్నాను, తర్వాత శిక్ష కూడా పడింది. ములాఖత్‌కు అమ్మ ఒక్కతే వచ్చేది. నాతో బండి ఎక్కినవాళ్లు ఒక్కరూ రాలేదు.

ఆ సాయంత్రం నాకు వెళ్లాలని లేదు. ఇది చెబితే ఎవరూ నమ్మరు, నేను చెప్పుకోవడం కూడా తప్పే కావచ్చు. కడుపులో నొప్పిగా ఉందన్నాను. "పౌరుషం లేదా" అన్నారు. అంతే, బండి ఎక్కాను. ఆ నిమిషంలో అమ్మో, మాస్టారో, ఎవరో ఒకరు ఫోను చేసి "వెంటనే రా, పని ఉంది" అని ఉంటే తల దించుకోకుండా వెనక్కి వచ్చేవాణ్ని. నాకు కావలసింది నీతులు కాదు, నలుగురి ముందు చెప్పుకోగలిగిన ఒక కారణం.

అక్కా, మీ తమ్ముడికి అలాంటి కారణం ఇవ్వండి. "కేసు నడుస్తోంది, లాయరుగారు కదలవద్దన్నారు, మనం చెయ్యి ఎత్తితే కేసు పోతుంది" అని వాడు చెప్పుకోగలగాలి. ఆ మాట పిరికితనం అనిపించుకోదు. అందుకే ఆ ఎఫ్‌ఐఆర్ కాగితం చాలా అవసరం. స్నేహితుల్లో అందరూ ఒకేలా ఉండరు. ఒకడు అరుస్తాడు, ఇద్దరు ఊ కొడతారు, ఒకడు ఇంటికి వెళ్లిపోవాలని చూస్తుంటాడు. ఆ చివరివాణ్ని పట్టుకోండి.

చూపు పోయిన ఆ మనిషిని నేను ఎన్నడూ కలవలేదు. కలవాలని ఉంది, కానీ నాకు ఉన్నంత మాత్రాన సరిపోదు కదా.

సామాజిక వైద్యం విద్యార్థి
మంగళవారం, ఉదయం 8:25

సిస్టర్‌గారు ట్రే పక్కన ఫోను గురించి రాసింది చదివి ఈ మాట చెప్పాలనిపించింది. హింసను ప్రజారోగ్య సమస్యగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సభ 1996లోనే తీర్మానించింది. అంటురోగంలాగే ఒకచోట మొదలైనది పక్కవాడికి అంటుకుంటుంది, మధ్యలో తెంచితే ఆగుతుంది.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో కత్తిపోట్లకు పేరుమోసిన నగరం. అక్కడి పోలీసులు 2005లో హింసను తగ్గించడానికే ఒక విభాగం పెట్టారు. అరెస్టులు ఆపలేదు, కానీ వాటితో పాటు ఆ కుర్రాళ్లకు చదువు, పని, మత్తు మాన్పించే వైద్యం కూడా చూడటం మొదలుపెట్టారు. 2015లో గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీ అత్యవసర విభాగంలో నావిగేటర్లు అని కొందరిని నియమించారు. తెల్లకోటూ ఖాకీ రెండూ లేని మనుషులు. దెబ్బలతో వచ్చినవాడి మంచం పక్కన కూర్చుని, ఇప్పుడు నీకేం కావాలి అని అడుగుతారు. మనిషి మెత్తబడి ఉండే గంట అదేనని వాళ్ల అనుభవం. సిస్టర్‌గారు తాను అడగలేకపోయానన్న ప్రశ్న అదే కదా!

వేల్స్‌లోని కార్డిఫ్‌లో దవడ శస్త్రచికిత్స చేసే జొనాథన్ షెపర్డ్ గారు ఇంకో సంగతి కనిపెట్టారు. తన దగ్గరికి విరిగిన దవడలతో వచ్చేవాళ్లలో చాలామంది అసలు పోలీసుల దగ్గరికే వెళ్లడం లేదు. అంటే పోలీసు లెక్కల్లో ఆ గొడవలు లేవు. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే పేరు లేకుండా నాలుగు వివరాలు రాయించారు: ఎక్కడ, ఎప్పుడు, దేనితో, ఎందరు. అవి నెలనెలా పోలీసులకు, నగరపాలక సంస్థకు చేరాయి. ఏ వీధిలో ఏ వేళ గస్తీ పెట్టాలో తెలిసింది. మిగతా నగరాలతో పోల్చి చూస్తే హింస వల్ల ఆసుపత్రిలో చేరేవారు 42 శాతం తగ్గారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మనకు 1923 నుంచి కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. నగరంలోనివే కాదు, ఉత్తరాంధ్ర గాయాలన్నీ ఆ గుమ్మం తొక్కుతాయి. ఆ నాలుగు గడులు మన రిజిస్టర్లలోనూ చేర్చుకోవచ్చు, ఖర్చు ఒక పెన్ను.

రాత్రి డ్యూటీ సిస్టర్
మంగళవారం, సాయంత్రం 7:00

బాబూ, పెన్ను కాదు, మనిషి కావాలి. రాసే మనిషి వేరేగా ఉంటే తప్ప ఆ గడులు ఖాళీగానే ఉంటాయి. అయినా నువ్వు చెప్పింది నాకు మనసుకు పట్టింది. "కింద పడ్డాను" అని రాయించుకుని వెళ్లేవాళ్లు ఎంతోమంది. పిడికిలి ముద్ర దవడ మీద కనిపిస్తూనే ఉంటుంది. పేరు లేకుండా రాస్తామంటే నిజం చెబుతారేమో. మా మేట్రన్‌గారితో మాట్లాడతాను.

కత్తిపోటు గురించి ఒకటి అందరూ గుర్తుపెట్టుకోండి. దిగిన వస్తువును లాగవద్దు. చుట్టూ గుడ్డతో గట్టిగా అదిమి పట్టి తీసుకురండి. పోలీసు కాగితం లేదని ఏ ఆసుపత్రీ వెనక్కి పంపకూడదు, 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే.

విజిల్ మాస్టారు
మంగళవారం, రాత్రి 8:40

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. రనౌట్ దగ్గర గొడవ అన్నప్పుడే నాకు మొత్తం కళ్లకు కట్టింది. అంపైర్ లేని ఆట, పందెం డబ్బు, చుట్టూ ఫోన్లు. మా గ్రౌండులో నేను పెట్టిన నియమం ఒకటే: గొడవను వీడియో తీసినవాడు నెలరోజులు ఆడకూడదు. కొట్టినవాడికంటే ముందు తీసినవాణ్ని బయట కూర్చోబెడతాను. గ్రౌండులో తిన్న మాటను పిల్లలు మర్చిపోతారు, వెయ్యిమంది చూశారన్నది మర్చిపోలేరు. ఆ వీడియోను ఇంట్లో అందరి ఫోన్ల నుంచీ రిపోర్టు చేయండి. తొలగించకముందే లింకు, స్క్రీన్‌షాట్ మాత్రం దాచుకోండి, నల్లకోటుగారికి పనికొస్తాయి.

అమ్మాయీ, నీకు ఇబ్బంది లేకపోతే మీ పేటకు వస్తాను. మెట్ల మీద కూర్చున్న పిల్లల్లో ఒకరిద్దరైనా ఎప్పుడో నా దగ్గర కబడ్డీ ఆడే ఉంటారు. నేను ఉపన్యాసం ఇవ్వను. పక్కన కూర్చుంటాను. నీకు విడిగా సందేశం పెట్టాను.

మెట్లవీధి అక్క
బుధవారం, రాత్రి 10:15

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. సోమవారం రాత్రి అడిగాను, "భయంగా ఉందా" అని. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇడ్లీ పొట్లం కింద పడిపోయింది, చట్నీ రోడ్డంతా ఒలికింది, అందరూ చూస్తున్నారక్కా" అన్నాడు. పన్ను గురించి కాదు, నొప్పి గురించి కాదు. ఒలికిన చట్నీ గురించి ఏడ్చాడు. ఏడుస్తూనే ఆకురాయి తీసి నా చేతిలో పెట్టాడు. ఐటీఐకి వెళ్లే ఆ సందులోంచి మళ్లీ నడవాలంటే కాళ్లు వణుకుతున్నాయట. వారం రోజులు నేను బండి మీద దింపుతానన్నాను.

మంగళవారం దంత వైద్యుడు పన్ను విరిగినట్లు రాసిచ్చారు. ఆ కాగితం జత చేసి డీసీపీ కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. ఈ సాయంత్రం స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఎఫ్‌ఐఆర్ అయింది. కాపీ నా దగ్గర ఉంది.

మాస్టారు నిన్న రాత్రే వచ్చారు. ఏమీ అడగకుండా మెట్ల మీద కూర్చుని టీ తాగారు. "ఒకప్పుడు" గారు చెప్పిన ఆ ఇంటికి వెళ్లాలని చూసే కుర్రాడు ఎవరో ఆయన పది నిమిషాల్లో పట్టేశారు. ఈ రాత్రి మెట్ల మీద ఇద్దరే ఉన్నారు.

పందొమ్మిదో వార్డు
గురువారం, ఉదయం 7:30

అమ్మా, సంతోషం. రౌడీషీటు విషయంలో నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, రోజూ చూసేవాడి భయం అది. కానీ చట్నీ గురించి చదివాక నిన్న రాత్రి షట్టరు దించకుండా కాసేపు నిలబడ్డాను. దుకాణం ముందు ఇద్దరు కుర్రాళ్లు తోసుకుంటున్నారు. ఎప్పుడూ లోపలినుంచి అరిచేవాణ్ని. నిన్న బయటికి వెళ్లి మంచినీళ్ల సీసా ఇచ్చి, మీ ఇళ్లు ఎక్కడ బాబూ అన్నాను. ఒకడు వెళ్లిపోయాడు. రెండోవాడు కూర్చున్నాడు.

చిన్నోడి అమ్మ
గురువారం, రాత్రి 9:05

"ఒకప్పుడు" అని రాసిన బాబుకు. నువ్వు రాసింది మంగళవారమే చదివాను. రెండు రోజులు జవాబు రాయలేదు, రాయకూడదనే అనుకున్నాను. నా చిన్నోణ్ని కొట్టినవాడికి కూడా ఆ సాయంత్రం కడుపునొప్పి వచ్చిందేమో అన్న ఆలోచన నాకు ఇష్టం లేదు. అది నన్ను వదలడమూ లేదు. నిన్ను క్షమించడానికి నేను నీ బాధితురాలిని కాను. ఆ మనిషికి నీ అంతట నువ్వు ఎదురుపడవద్దు. ఆయనకు లాయరు ఉంటే ఆయన ద్వారా ఒక ఉత్తరం పంపి, జవాబు రాకపోయినా సరేననుకో. మీ అమ్మగారు ఉన్నారా? ఉంటే ఆమెను అడిగానని చెప్పు.

ఒకప్పుడు
గురువారం, రాత్రి 11:50

ఉన్నారమ్మా. చెబుతాను.

నల్లకోటు
శుక్రవారం, ఉదయం 9:15

చిన్నోడి అమ్మగారికి బెయిలు సంగతి కూరగాయల బండి దగ్గర తెలియడం మా వృత్తికి అవమానం. బెయిలు సహా కేసు ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని 2022 ఏప్రిల్‌లో లఖింపూర్ ఖేరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుడు అంటే చనిపోయినవారి వారసులు కూడా. లాయరు ద్వారా హాజరైతే అభియోగపత్రం కాపీ కూడా అందుకోవచ్చు. సాక్షులకు బెదిరింపులు వస్తే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయిలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మెట్లవీధి అమ్మా, తమ్ముడికి నిద్ర పట్టకపోతే 14416కి ఫోను చేయించండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

సోమవారం ఉదయం నేను కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ దగ్గరే ఉంటాను. పరిహారం దరఖాస్తు అక్కడే రాద్దాం. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, పన్ను బాగు చేయించడానికి ఎంతవుతుందో దంత వైద్యుడి అంచనా, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ తెచ్చుకోండి.

మెట్లవీధి అక్క
ఆదివారం, సాయంత్రం 6:30

రేపు వెళ్తున్నాం. తమ్ముడు కూడా వస్తానన్నాడు. కుట్లు విప్పారు, కనుబొమ్మ మధ్యలో సన్నని గీత మిగిలింది. నిన్న సాయంత్రం మాస్టారి గ్రౌండుకు వెళ్లి ఆడకుండా స్కోరు రాసి వచ్చాడు. ఆకురాయికి పిడి బిగించి వర్క్‌షాపులో ఇచ్చేశాడు. అవతలి ముగ్గురిలో ఒకరి నాన్నగారు మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడి వెళ్లారు, నేను లోపలికి రమ్మనలేదు. అది తప్పో ఒప్పో ఇంకా తేల్చుకోలేదు.

కోర్టుకు నేనెప్పుడూ వెళ్లలేదు. లోపల ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో తెలియదు.

చిన్నోడి అమ్మ
ఆదివారం, సాయంత్రం 6:42

జగదాంబ దగ్గర దిగండి. పది గంటలకు అక్కడే ఉంటాను, ఎర్ర గొడుగు. అక్కడి నుంచి కలిసి నడుద్దాం. తమ్ముణ్ని టిఫిన్ తినకుండా తీసుకురావద్దు, లోపల చాలాసేపు కూర్చోవాల్సి ఉంటుంది.